వన్స్‌మోర్ అనరాదు

పాతమిల్లు వార్డులో ఎవరి కష్టాన్ని నాటకంగా ఆడితే ఆ కష్టం వాళ్లను వదిలి, వేషం కట్టినవాళ్లను పట్టుకుంటుంది. ఇందుకు మున్సిపాలిటీ వారి దరఖాస్తు ఫారం ఉంది. రెండు ఫొటోలు, ఇంటిపన్ను రసీదు నకలు జతపరచాలి. స్టేజీ మీద మొదటి మాట పలకగానే కష్టం బదిలీ అవుతుంది. మరుసటి నాటకం దాకా నటుల దగ్గర ఉండి, ఆ తర్వాత దానంతటదే రాలిపోతుంది. పథకం బాగా నడుస్తోందని వార్డు ఆసుపత్రిని మూసి, ఆ గదులను రిహార్సల్సుకు ఇచ్చారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఒక్క నియమం మాత్రం ఎర్ర అక్షరాల్లో రాసి స్టేజీ పక్కన కట్టారు: వన్స్‌మోర్ అనరాదు. జనం అడిగితే మళ్లీ ఆడాల్సిందే, అది స్టేజీ మర్యాద. కానీ రెండోసారి ఆడిన కష్టం ఇక రాలదు. సింహాద్రి అనే నటుడు ఒక సిమెంటు కూలీ దగ్గును ఎంతో బాగా దగ్గాడు. వెనక బెంచీలవాళ్లు ఉండబట్టలేక అనేశారు. ఇప్పుడతను తెర లాగే పని చేస్తున్నాడు, దగ్గుతూనే.

ఈ నాటకాలాడే బృందంలో పెద్ద నటి రమణి, పైడమ్మ కూతురు. ఓ వారం ఎవరివో మోకాళ్ల నొప్పులతో కుంటుతూ ఇంటికొచ్చేది. మరో వారం ఎవరి చనిపోయిన బిడ్డ కోసమో ఏడుస్తూ వచ్చేది. పైడమ్మ అన్నం కలిపి పెడుతూ, ఈసారి ఎవరి దుఃఖమో అడిగి తెలుసుకునేది.

"నాకేటవుద్దమ్మా, వారం రోజులే గదా" అనేది రమణి.

పైడమ్మకు ఎప్పుడూ చెడే తోచేది. అందుకని ప్రతి నాటకానికీ ముందు వరసలో, స్టేజీకి వీపు తిప్పి కూర్చునేది. ఎవరి పెదవి కదిలినా లేచి నిలబడేది. రెండేళ్లలో కూతురి ఆట ఒక్కటీ చూడలేదు, జనం నోళ్లే చూసింది.

తిండీ నిద్రా లేక ఆమె చిక్కి సగమైంది. చూడలేక రమణే వెళ్లి ఫారం నింపింది. కష్టం అన్న గడిలో 'అమ్మ భయం' అని రాసింది.

"ఇదేటమ్మా, ఇది అందరమ్మలకీ ఉండేదే గదా" అంటూనే గుమస్తా ముద్ర వేశాడు.

శనివారం సాయంత్రం రమణి తల్లి చీరే కట్టుకుని స్టేజీ ఎక్కింది. పైడమ్మ అలవాటు కొద్దీ వీపు తిప్పి కూర్చుంది.

"నా పిల్లకేటైనా అయితే?" అంది రమణి.

నెత్తి మీది బిందెను ఎవరో దించినట్టు పైడమ్మ భుజాలు తేలికపడ్డాయి. ఆమె స్టేజీ వైపు తిరిగింది. ఆ బెదురు చూపులు, ఆ కొంగు నలపడం, ఆ గొంతు వణుకు. తన పిల్ల ఇంత బాగా ఆడుతుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. వార్డు జనమంతా పెదవులు బిగించి కూర్చున్నారు. ఆ నిశ్శబ్దంలో పైడమ్మ చప్పట్లు కొట్టి, వన్స్‌మోర్ అంది.

రమణి తల్లి చీర కొంగు సర్దుకుంది. తర్వాత మళ్లీ ఆడింది. ప్రేక్షకుల స్పందన తృప్తికరం అని గుమస్తా రిజిస్టరులో రాసుకున్నాడు.

పైడమ్మ ఇప్పుడు వేళకు తింటోంది, ఒళ్లు కూడా చేసింది. వార్డువాళ్లు ఆమెను చూపించి పథకాన్ని మెచ్చుకుంటారు. ముందు వరసలో ఆమెకొక కుర్చీ వేయించారు, స్టేజీకి ఎదురుగా. రమణి వారం వారం ఎవరి కష్టమో ఆడుతూనే ఉంది. ఆడుతున్నంతసేపూ తల్లి నోటినే చూస్తూ ఉంటుంది.