ఖాళీగా ఉన్న మేనమామ పోస్టు

"ఇయ్యాల్టి సంది ఈ మండలంల ఆస్తి లేని ఆడబిడ్డ ఉండది" అని గ్రామీణ ఆస్తుల మిషన్ చైర్మన్ జనార్ధన్ గారు శామీర్‌పేట ఫంక్షన్ హాల్లో ప్రకటించినప్పుడు నేను మూడో వరుసలో ఉన్నాను. టీచర్లందరూ తప్పక రావాలని సర్క్యులర్ వచ్చింది.

చైర్మన్ గారు అంతకు రెండు రోజుల ముందే ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి దిగారు. స్టడీ టూర్, పదకొండు రోజులు. అక్కడ మినాంగ్‌కబావు అనేవాళ్ళ పల్లెలున్నాయట. వాళ్ళలో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి పోతాయి, కొడుక్కి కాదు. ఆస్తి బాగోగులు చూసేది మేనమామ. భర్త భార్య ఇంటికి చుట్టం కిందే లెక్క. ఇదంతా చైర్మన్ గారు కళ్ళారా చూశారు. చూసినందుకు రుజువుగా, కొమ్ముల్లాగా పైకి లేచిన కప్పున్న ఒక ఇంటి ముందు దిగిన ఫొటోను ఫ్రేము కట్టించి స్టేజి మీద పెట్టారు. ఫొటోలో ఇల్లు సగమే పడింది. చైర్మన్ గారు పూర్తిగా పడ్డారు.

"ఎంత శ్రమపడ్డారండీ పాపం" అన్నారు నా పక్కనున్న లెక్కల మాస్టారు ఫణిభూషణ్ గారు. ఆయనది కోస్తా. సానుభూతి త్వరగా కలుగుతుంది.

పైలట్ గ్రామంగా మా ఊరు ఎంపికైంది. మాది కీసర పోయే దారిలో మూడు వందల గడపల ఊరు. మా ఊరే ఎందుకని ఎవరూ అడగలేదు. ఊరి చివర ఇళ్ళ ప్లాట్ల వెంచర్ ఒకటుంది. వెంచర్‌కు పెద్ద గేటుంది. గేటుకూ మెయిన్ రోడ్డుకూ మధ్య మా అత్తమ్మ ఎలీషమ్మకు ముప్పై గుంటల పొలముంది, అంటే ముప్పావు ఎకరం. వెంచర్ చైర్మన్ గారిదని ఊరంతా అంటుంది. ఆయన మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ ముప్పై గుంటలు అత్తమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. ఆకుకూరలు పండిస్తుంది. ఆమె తర్వాత నా భార్య హన్నాకు రావాలి. హన్నా పోయి ఏడు నెలలైంది. ఇక మా కూతురు జాస్మిన్‌కు రావాలి. దానికి తొమ్మిదేళ్ళు. పెళ్ళయినప్పటి నుంచీ నేను అత్తమ్మ ఇంట్లోనే ఉంటున్నాను. పొలం అమ్మమని వెంచర్ వాళ్ళు నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ చేతిలో మెంతికూర కట్ట పెట్టి పంపింది.

నా దస్తూరి బాగుంటుందని పథకం నియమాలు రాసే పని చైర్మన్ గారు నాకే అప్పగించారు.

"రాస్కో సారూ. ఒకటి, ఇల్లు భూమి తల్లి నుంచి బిడ్డకు. రెండు, మేనమామ సంతకం లేంది అమ్మరాదు. సంతకం ఉంటే అమ్మొచ్చు."

"రెండో సగం కూడా అక్కడి ఆచారమేనా సార్?"

"అది లోకల్ అడాప్టేషన్. మూడు, మొగడు చుట్టం. భార్య పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలె." ఆయన ఆగి నా వంక చూశారు. "నీ గురించి గాదు సారూ. పాలసీ."

మూడో నియమం రాశాను. అక్షరాలు వంకర పోలేదు.

"నాలుగు, మేనమామ లేని ఇంటికి చైర్మనే మేనమామ."

హన్నా ఒక్కతే కూతురు. అన్నదమ్ములు లేరు. ఊరు మొత్తం మీద మేనమామ పోస్టు ఖాళీగా ఉన్న ఇల్లు మాదొక్కటే.

"ఐదోదానికి చప్పట్లు పడాలె. ఇట్ల రాయి. మేనమామకు సొంత ఆస్తి ఉండది. ఆయన పేరు మీదున్న ఇల్లు సుత తల్లిదే, తల్లి తర్వాత ఆ ఇంటి ఆడబిడ్డదే."

"మేడ్చల్‌లో మీకు మూడంతస్తుల ఇల్లుంది కదా సార్."

"మా అమ్మ పోయి ఇరవై ఏండ్లాయె. అక్కచెల్లెండ్లు లేరు. నాకేం తగుల్తది? త్యాగం సారూ, త్యాగం. రాయి."

రాశాను.

మంగళవారం గ్రామసభ పెట్టారు. రెండు చానెళ్ళ కెమెరాలు వచ్చాయి. చైర్మన్ గారి పీఏ భానుతేజ ఐదు నియమాలూ చదివాడు. ఐదోదానికి చప్పట్లు పడ్డాయి. చైర్మన్ గారు జాస్మిన్‌ను పిలిచి తల మీద చెయ్యి పెట్టారు.

"ఇగ గీ పిల్లకు మేనమామను నేనే. శుక్రారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి ఆ ముప్పై గుంటలు వెంచర్‌కు రాసిస్తున్న. రోడ్డైతది, ఊరు బాగుపడ్తది. ఎలీషమ్మా, నువ్వు రాకున్నా నడుస్తది. మేనమామ సంతకం చాలు."

అత్తమ్మ లేచింది. పొలం నుంచి నేరుగా వచ్చింది. చేతులకింకా మన్నుంది.

"చైర్మన్ సాబ్, ఒక్క మాట. నువ్వు గీ పిల్లకు మేనమామవైతే, మా హన్నకు ఏమైతవు?"

"అన్ననైత."

"హన్నకు అన్నవైతే నాకేమైతవు?"

చైర్మన్ గారు కెమెరా ఎటుందో చూసుకుని, వంగి ఆమె కాళ్ళకు మొక్కారు. "కొడుకునమ్మా. కడుపుల పుట్టకున్నా కొడుకునే."

సభ హోరెత్తింది. "బాప్తిస్మం ఎప్పుడు సాబ్?" అని వెనక నుంచి మా చర్చి వాచ్‌మన్ యాకోబు అడిగాడు. చైర్మన్ గారు కూడా నవ్వారు.

"నోటిమాటతోని ఏమైతది కొడుకా" అంది అత్తమ్మ. "సారు రాస్తడు. సంతకం పెట్టు." ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా నన్ను సారు అనే అంటుంది.

"జల్దీ స్టాంపు పేపర్ తే భానుతేజా."

నేను రాశాను: ‘ఎలీషమ్మ నా తల్లి. హన్నా నా చెల్లెలు. జాస్మిన్ నా మేనకోడలు. ఒకటి నుంచి ఐదు వరకు నియమాలు నాకూ వర్తిస్తాయి.’

చైర్మన్ గారు చదవలేదు. తల్లి ముందు కాయితం చదివి సంతకం పెట్టేటోడు కొడుకేనా అంటూ సంతకం పెట్టేశారు. ఆ మాట రెండు చానెళ్ళలోనూ వచ్చింది.

గురువారం పొద్దున అత్తమ్మ ట్రాలీ ఆటో పిలిపించింది. "సారూ, సామాను సర్దు. మా కొడుకింటికి పోతున్నం."

"నేను కూడానా అత్తమ్మా?"

"మూడో రూలు ప్రకారం నీకు ఇల్లు లేదు గదా. సామాను దించనీకె రా."

రెండు ట్రంకు పెట్టెలు, బియ్యం బస్తా, బైబిలు, పచ్చడి బండ, రెండు కోళ్ళు, హన్నా ఫొటో. మేడ్చల్ చేరేసరికి తొమ్మిదైంది. చైర్మన్ గారి భార్య తలుపు తీసి, ఎవరు కావాలని అడిగారు.

"ఎవ్వరొద్దు బిడ్డా. గిది నా ఇల్లు. నేను నీ అత్తను. టీవీల చూడలే?"

చూసినట్టే ఉన్నారు. తలుపు సగం మూశారు.

"పరేషాన్ గాకు" అంది అత్తమ్మ. "బౌరంపేట్ల మీ అమ్మగారి ఇల్లు లేదా, అది నీదే. నీ మొగడు ఆడ చుట్టమై ఉంటడు."

"మా అమ్మ ఇల్లు నాదా? మా అన్నలకు పోదా?"

"పోదు. ఒకటో రూలు. నీ మొగడు చెప్పిందే."

ఆవిడ కాసేపు ఆలోచించారు. తర్వాత తలుపు పూర్తిగా తీశారు. "లోపలికి రా అత్తమ్మా."

కోళ్ళు సోఫా కింద చేరాయి. హాల్లో నిండా వెలుతురు పడే గోడ ఒకటుంది. జాస్మిన్ దాన్ని చూసి, "అమ్మ ఇక్కడుంటది డాడీ" అంది. కుర్చీ ఎక్కి పచ్చడి బండతో మేకు కొట్టింది. లోతుగా దిగింది. ఫొటో తగిలించింది. కొంచెం కుడికి వాలితే నేను సరిచేశాను.

పది నిమిషాల్లో చైర్మన్ గారు వచ్చారు. వెనకే కెమెరాలు వచ్చాయి. కొడుకింటికి తల్లి వచ్చిందంటే అది వార్తే కదా.

"అమ్మా, ఏంది గిది?"

"చెప్పులు బయట ఇడిచి రా కొడుకా. ఇల్లు ఊడ్చిన."

ఆయన నన్ను వంటింట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించారు. "సారూ, ఆ కాయితంల ఒక్క మాట కొట్టేయొచ్చా?"

"ఏ మాట సార్?"

"అమ్మ."

జేబులోంచి కాగితమూ, ఎర్ర పెన్నూ తీసి ఇచ్చాను. "అమ్మను కొట్టేస్తే చెల్లెలుండదు సార్. చెల్లెలు లేకపోతే మేనకోడలుండదు. మేనకోడలు లేకపోతే రేపు మీ సంతకం..."

"అన్నీ కొట్టేస్త. ముందు కోళ్ళను తీయించు."

ఒక్కొక్క మాటా కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టారు. హన్నా పేరు మీద గీత పడుతున్నప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడడానికేమీ లేదు.

అత్తమ్మ కాగితం తీసుకుని బైబిల్లో పెట్టుకుంది. జాస్మిన్ ఫొటో దింపింది. సామానంతా మళ్ళీ ఆటో ఎక్కింది. "కొడుకింట్ల చాయ్ సుత తాగలే" అంది అత్తమ్మ దారిలో.

మర్నాడు మేమెవరమూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోలేదు. చైర్మన్ గారూ పోలేదు. పత్రికలో మాత్రం ఇంకో చోటికి పోయారు. మినాంగ్‌కబావు ఆచారం మన వాతావరణానికి సరిపడదని లోతైన అధ్యయనంలో తేలిందట, మరింత అనువైన ఆచారం కోసం చైర్మన్ గారు నార్వే బయల్దేరుతున్నారట. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. ఆయన భార్య మా బడికి మనిషిని పంపి, ఒకటో నియమం జిరాక్స్ తెప్పించుకున్నారు. మెంతికూర కోతకొచ్చింది.

జాస్మిన్ కొట్టిన మేకు ఎంత పీకినా రాలేదట. మొన్న ఫణిభూషణ్ గారు ఏదో పని మీద ఆ ఇంటికి వెళ్ళొచ్చారు. ఆ మేకుకు సుమత్రా ఫొటో తగిలించారని చెప్పారు. ఇల్లు సగం. చైర్మన్ గారు పూర్తిగా.