తాడు ఆరో మాట

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క నీటిగుంట ఉండేది. వేసవి వచ్చిందంటే అడవి రాజకీయమంతా దాని గట్టు మీదే.

ముందు సింహం దొర తాగాలి. తర్వాత ఏనుగులు, ఆ తర్వాత దున్నలు, జింకలు. అందరూ తాగి, తొక్కి, కెలికి వెళ్లాక ఆఖర్న అడవిపందులు. అప్పటికి గుంటలో మిగిలేది బురదే.

గవరయ్య అనే అడవిపంది ఆ బురద తాగే పెద్దవాడయ్యాడు. తన సంగతి ఎలా ఉన్నా, ఒకరోజు చిన్న కూతురు "నాన్నా, నీళ్లు ఏ రంగులో ఉంటాయి?" అని అడిగింది. ఆ పూట ఆయనకి దుంప గొంతు దిగలేదు.

సరిగ్గా అప్పుడే నీటి మేస్త్రీ ఉద్యోగం పడింది. మేస్త్రీ ఇంటివాళ్లకి దొరతో పాటే తేట నీళ్లు. ఇంకేం కావాలి చెప్పండి.

కానీ మెలిక ఒకటుంది. దొర కొన్నాళ్లు పట్నం జూలో ఉండి వచ్చాడు. అక్కడ తనని చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఇంగ్లీషులో మాట్లాడారట. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ చాలా మర్యాదగా అనిపించిందట. ఆ మాట పట్టుకుని నక్క పరంధామం మాస్టారు దొర చెవిలో ఏదో ఊదాడు. తెల్లారేసరికి దండోరా. ఇకమీదట గుంట దగ్గర ఎవరేం కావాలన్నా ఇంగ్లీషులోనే అడగాలి. మేస్త్రీ ఆ మాటకి అర్థం పైకి చెప్పి, తర్వాతే కాలు కదపాలి. చెప్పకుండా కదిలితే ఉద్యోగం ఊడినట్టే.

ఆ సాయంత్రమే పుట్ట పక్కన మేస్త్రీ ఉద్యోగం పరీక్షకి మాస్టారి ట్యూషన్ వెలిసింది. దండోరా ముందా, ట్యూషన్ ముందా అని ఎవరూ ఆరా తియ్యలేదు.

"ఇంగ్లీషు మాటలు కుటుంబాలుగా బతుకుతాయర్రా," అన్నాడు మాస్టారు తోక ఊపుతూ. "ఓప్. ఈ చప్పుడు తోకకి తగిలించుకున్నవాళ్లంతా ఒక ఇంటివాళ్లు. నాతో పాటు అనండి. హోప్ అంటే ఆశ. కోప్ అంటే నెట్టుకురావడం. సోప్ అంటే సబ్బు. స్కోప్ అంటే అవకాశం. స్లోప్ అంటే ఏటవాలు. రోప్ అంటే తాడు."

"సబ్బంటే ఏంటి మాస్టారూ?" అన్నాడు గవరయ్య.

"అది పరీక్షలో రాదు. కూర్చో."

మాస్టారి పద్ధతి ఒక్కటే. రాగం తీసి అప్పజెప్పాలి. నడుమ ఒక్క మాట జారినా మళ్లీ మొదటి నుంచి. గవరయ్య దుంపలు తవ్వుతూ అప్పజెప్పాడు, దురద పెడితే చెట్టుకి వీపు రాసుకుంటూ అప్పజెప్పాడు. భార్య నూకాలమ్మ విని విని, "ఏవయ్యా, ఆ తాడొక్కటీ విడిగా చెప్పు చూద్దాం," అంది. గవరయ్య నోరు తెరిచాడు. రాలేదు. హోప్ నుంచి ఎత్తుకుంటే గానీ తాడు దాకా బండి నడవదు.

"విడిగా ఎవరడుగుతారే," అన్నాడు.

నిజమే, పరీక్షలో ఎవరూ అడగలేదు. దొర కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నాడు. "రాగం బాగుంది. వీడికే ఇవ్వండి," అన్నాడు.

మొదటిరోజు పొద్దున్న గవరయ్య గట్టు మీద నిలబడ్డాడు. పక్కన నూకాలమ్మ, పిల్లలు. గుంట అద్దంలా ఉంది. దొర ఇంకా ఆవలిస్తున్నాడు.

ఇంతలో మాస్టారు వచ్చాడు. "శిష్యుడి ఏలుబడిలో గురువు తర్వాత తాగుతాడా?" అంటూ తిన్నగా నడుమకి దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఊబి కాళ్లు పట్టేసింది. గింజుకున్నకొద్దీ పొట్ట దాకా దిగిపోయాడు.

"ఒరే గవరా, తాడు, తాడు!"

"ఇంగ్లీషులో అడగాలి మాస్టారూ. దొరగారు చూస్తున్నారు."

మాస్టారు పళ్లు నూరాడు. "రోప్!"

"ఏవయ్యా, మునిగిపోతున్నాడయ్యా," అంది నూకాలమ్మ. "ఆ గట్టు మీది తీగ విసిరెయ్యరాదూ?"

"నాకు కనబడ్డం లేదటే? అర్థం చెప్పకుండా కదిలితే రేపట్నించి పిల్లలకి మళ్లీ బురదే." గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "హోప్ అంటే ఆశ. కోప్ అంటే నెట్టుకురావడం. సోప్ అంటే సబ్బు. స్లోప్ అంటే..."

బురద మాస్టారి మెడకొచ్చింది. అయినా ఎన్నాళ్ల అలవాటు, ఊరుకుంటుందా.

"స్కోప్ మింగేశావురా వెధవా. మొదటి నుంచి!"

గవరయ్య బుద్ధిగా మొదటి నుంచి ఎత్తుకున్నాడు. రోప్ అంటే తాడు అనేసరికి గుంట మీద రెండు చెవులూ ఒక ముక్కూ మిగిలాయి.

"అర్థం సరే, విసురు నాయనా," అంది ముక్కు.

"విసరడం పరీక్షలో రాలేదు మాస్టారూ."

నూకాలమ్మ ఇక ఆగలేదు. తీగ ఒక కొస మాస్టారి నోటికి విసిరి, రెండో కొస మొగుడి నోట్లో కుక్కింది. ఇద్దరూ లాగారు. మాస్టారు బయటపడ్డాడు గానీ ఆయనతో పాటు అడుగున ఉన్న బురదంతా పైకి లేచింది. ఆ రోజు గవరయ్య పిల్లలు దొర పక్కనే నిలబడి తాగారు. చిన్నది ఒక గుక్క వేసి, "నాన్నా, ఇవి పాత నీళ్లే," అంది.

దొర మూతి తుడుచుకుని సభ పెట్టాడు. ఇంత గొడవ ఎందుకు జరిగిందో పొద్దుగూకేదాకా చర్చించారు. చివరికి సభ ఏకగ్రీవంగా ఒక సంస్కరణ చేసింది. ఇకమీదట వరుసలో తాడు మొదటి మాట, ఆశ ఆరో మాట. కొత్త వరుస నేర్పే బాధ్యత మాస్టారికే అప్పగించారు. పాత వరుస చెల్లదు గనక గవరయ్య మళ్లీ ట్యూషన్‌లో చేరాడు. ఆయన నేర్చుకుని వచ్చేదాకా గుంట దగ్గర పాత పద్ధతే. పందులు ఆఖర్న.

ఇందులో నీతి: ఊబిలో దిగేవాడు ముందు తనక్కావలసిన మాట వరుసలో ఎన్నోదో కనుక్కుని దిగాలి.