చిత్రిక పట్టిన చిత్రం

వడ్రంగి పని అంటే ఏమిటో ప్రజలకు మొట్టమొదటిసారి తెలియజేసే చిత్రం ప్రారంభమైందని ప్రకటన వెలువడింది. అప్పటిదాకా కుర్చీల్లో కూర్చుంటూ, తలుపులు వేసుకుంటూ ఏమీ తెలియకుండా బతికేసిన ప్రజలు సిగ్గుతో తలవంచుకున్నారు.

హీరోకి కొయ్యను నున్నగా చిత్రిక పట్టడం నేర్పడానికి ఒక అసలు వడ్రంగి కావలసివచ్చాడు. అతనికి పెళ్లయి నెల. అతని భార్య ఆ నెలంతా నేల మీద నడిచింది తక్కువ. కొయ్య మీద చిత్రిక సాగుతుంటే వచ్చే సుయ్‌మన్న చప్పుడు, చుట్టలు చుట్టుకుంటూ లేచే పల్చటి పొర, ఆ పొరను అతను ఆమె చెవికి లోలాకులా తగిలించడం, ఇంతకంటే పెద్ద ఆస్తి ఎవరికైనా ఉంటుందని ఆమె అనుకోలేదు. లోటల్లా ఒక్కటే. వాళ్ల అద్దెగది తలుపు పూర్తిగా పడదు. అడుగున నేలను పట్టేసి నాలుగు వేళ్ల సందు వదిలేస్తుంది. కొత్త కాపురానికి నాలుగు వేళ్లు తక్కువేం కాదు. ఎదురుగదిలో ఉండే అత్తయ్యగారికి అందులో సగం చాలు.

"ఏమండీ, ఊరందరి తలుపులూ సరిచేస్తారు. మన కాపురం మాత్రం బహిరంగసభలా ఉంది."

"షూటింగ్ అయిన మర్నాడే చేసేస్తాలే. పది నిమిషాల పని."

దర్శకుడు సామాన్యుడు కాడు. "ప్రతి సన్నివేశాన్నీ నేను చిత్రిక పడతాను" అని ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్పే నిష్ఠాగరిష్ఠుడు. వడ్రంగి సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టినదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుందయ్యా. ఏమిటిది?"

"చిత్రికండి."

"ఓహో, అది నిజంగానే ఉంటుందా?"

ఆనాటి నుంచి అది స్క్రిప్టు కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాసింది.

హీరో నలభై రోజులు తపస్సు చేశాడు. ఇరవై రోజులు చెమట పట్టడానికి, పంతొమ్మిది రోజులు కొయ్య వంక ప్రేమగా చూడటానికి సరిపోయాయి. చివరి రోజున చిత్రిక తిరగేసి పట్టుకుని వేలు గీసుకున్నాడు. ఆ వేలు విలేకరుల సమావేశం పెట్టింది. ఇక చేతులు కనిపించే దృశ్యాలకు అసలు వడ్రంగినే నిలబెట్టారు. భార్య కూడా చూడవచ్చింది. అతను నాలుగుసార్లు తోశాడు. పలక అద్దంలా తేలింది.

"కట్" అన్నాడు దర్శకుడు నొచ్చుకుంటూ. "ఇంత తేలిగ్గా చేసేస్తే దాన్ని పనితనం అని ఎవడు నమ్ముతాడయ్యా? నీ చేతుల్లో సంఘర్షణ లేదు."

"పదునుందండి."

"పదును తెర మీద కనపడదు. బాధ కనపడుతుంది."

అప్పుడు హీరో పెద్దమనసుతో వడ్రంగికి వడ్రంగం నేర్పాడు. ఒక్క తోపు తోసి ఆగాలి. నిట్టూర్చాలి. చెంప కొయ్యకు ఆనించి కళ్లు మూసుకోవాలి. మళ్లీ తోయాలి. ముప్ఫయ్యో టేకుకి అతనికి పని వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ పనితనం బహుమతి హీరోకి వచ్చింది. ఫోటోలో చిత్రిక తలకిందులుగానే ఉంది.

షూటింగ్ అయిన మర్నాడు అతను మాట తప్పలేదు. తలుపు ఊడదీసి పడుకోబెట్టాడు. ఒక్క తోపు తోసి ఆగాడు. నిట్టూర్చాడు. చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఏమండీ, ఇక్కడ కెమెరా లేదు" అంది ఆమె మెల్లగా.

"తెలుసే. చెయ్యే వినట్లేదు."

అత్తయ్యగారు మిగతా వాటాలవాళ్లందరినీ పిలుచుకొచ్చారు. ఇంటి యజమాని గొంతు సవరించుకుని, "ఇటువంటి శ్రామిక కళాకారుడు మన వాటాలో అద్దెకుండటం మనందరి పూర్వజన్మ సుకృతం" అని ప్రసంగించాడు. కళ్లు మూసుకున్న చేయి అడుగు అంచుకు బదులు పక్క అంచును చెక్కేసింది. తలుపు బిగించి చూస్తే నాలుగు వేళ్ల సందు ఆరు వేళ్లయింది. చప్పట్లు మారుమోగాయి. ఆమె వంగి నేల మీద వెతికింది. చెవికి తగిలించుకునేంత పొర ఒక్కటీ లేదు. అంతా పొట్టు.

చప్పట్లు కొట్టినవాళ్లు ఇళ్లకు వెళ్లి తలుపులు వేసుకున్నారు. అవి చక్కగా పడ్డాయి. వాటిని చేసినవాళ్లెవరో, పాపం, నిట్టూర్చడం చేతకానివాళ్లు.