నెల రోజుల గది

మీ దగ్గర దాపరికమెందుకు, చలికాలంలో నన్నూ మంచాన్నీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆఫీసులో నాకు దుప్పటేశ్వరరావని పేరు కూడా పెట్టారు. అలాంటి నన్ను పట్టుకుని, మంచు కురిసే రోజుల్లో పుణ్యపర్వతం చూడాలంటుంది మా ఆవిడ. పెళ్లినాటి నుంచీ ఆవిడకు అదొక్కటే కోరిక. పన్నెండేళ్లుగా ఏదో ఒక సాకు చెప్పి దాటేస్తున్నాను.

ఈసారి నాకు నాలుగు రోజులు సెలవు దొరికిందని ఎలాగో పసిగట్టేసింది.

“ఇదిగో, కొండ కింద గెస్ట్‌హౌస్ నంబరు. నా ఎదురుగానే ఫోన్ చేయండి. స్పీకర్ పెట్టండి.”

ఇక అబద్ధమాడే దారి లేదు. సరే, గది లేదన్న మాటేదో ఫోనెత్తిన గెస్ట్‌హౌసావిడ చేతే అనిపిద్దామనుకున్నాను. ఎవరూ ఇవ్వలేనివి అడిగితే సరి!

“మేము మెట్లెక్కలేమండీ,” అన్నాను నీరసంగా.

“కింద గదే ఇస్తాను బాబూ.”

“తెల్లారకముందే వేడినీళ్లు కావాలి.”

“మా దగ్గర ఎప్పుడూ కాగుతూనే ఉంటాయి.”

“గదిలో చలి కాచుకునే పొయ్యి ఉండాలి. మంచం మీద పడుకుంటేనే కొండ కనపడాలి!”

“కిటికీ పక్కనే మంచం వేయిస్తాను. చలికాలంలో ఇటు కాకి కూడా వాలదు బాబూ, మీరొస్తే అదే పదివేలు.”

మా ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాకేమో చెమటలు. ఆఖరి బాణం వదిలాను.

“మేం దిగితే నెల రోజులూ ఉంటాం. తర్వాత మీ ఇష్టం!”

“నెలంతానా! మీ నోట్లో చక్కెర పొయ్య!”

“ఖాయం చేసేయండి అక్కా!” అని మా ఆవిడ ఫోన్ లాక్కుని పెట్టేసింది.

“నెలేమిటే? నాకున్నది నాలుగు రోజులేగా!”

“మీకు. నాకూ మా అమ్మకూ బోలెడు తీరిక. ఆవిడ నాలుగో రోజుకు అక్కడికి వస్తుంది, మీరు ఇంటికొచ్చేయండి.”

వెళ్లాం. మూడు రోజులు మంచు తప్ప ఏమీ కనపడలేదు. నాలుగో రోజు పొద్దున్నే కొండంతా బయటపడింది. మా ఆవిడ కిటికీ పట్టుకుని ఏడ్చేసింది. ఇన్నేళ్లూ ఎందుకు ఆపానా అని నాకు నిజంగానే సిగ్గేసింది. పైగా పొయ్యి వెచ్చగా ఉంది.

“ఏమోయ్, సెలవు పొడిగించుకుంటాను. నేనూ ఉండిపోతా!”

అప్పుడే మా అత్తగారు పెట్టెతో దిగారు. “కొండ కనపడే మంచం ఇదేనా అల్లుడూ?” అంటూ నా మంచం మీద హాయిగా నడుం వాల్చారు.

పక్క గది ఇమ్మని గెస్ట్‌హౌసావిడను బతిమాలాను. “పొయ్యి ఉన్నది ఈ గదిలోనే బాబూ. మిగతావాటిలో చెంబులో నీళ్లు గడ్డకడతాయి,” అంది.

నా సంచి సర్దుకుని మధ్యాహ్నం బస్సెక్కాను. కిటికీ దగ్గరకొచ్చి మా ఆవిడ ఎంతో ప్రేమగా అంది:

“వచ్చే ఏడు కూడా గది మీరే మాట్లాడాలండీ. ఇంత వివరంగా అడగడం నాకు చేతకాదు.”