సూర్రావు గుండెలో అక్రమ రహదారి

చిట్టూరి సూర్రావు గుండెలో అనుమతి లేని రోడ్డు ఒకటి ఉందని పరీక్షల్లో తేలడంతో, అతని కేసు ఆసుపత్రి నుంచి మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగానికి బదిలీ అయింది. ఇందులో వింతేమీ లేదు. పట్టణ పరిధిలోని రోడ్లన్నీ మున్సిపాలిటీవి. సూర్రావు పట్టణ పరిధిలోనే ఉంటాడు. అతని గుండె సాధారణంగా అతనిలోనే ఉంటుంది.

సూర్రావు ఒక ప్రైవేటు బడి బస్సు డ్రైవరు. ఉన్నట్టుండి గుండె దౌడు తీసేది, కళ్లు బైర్లు కమ్మేవి. ఒకరోజు బస్సును చెరుకురసం బండి పక్కన ఎలాగో ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. పిల్లలకేం కాలేదు కానీ, బడివాళ్లు తాళాలు లాగేసుకున్నారు. గుండె కుదుటపడిందని డాక్టరు కాగితమిస్తేనే మళ్లీ బండి ఇస్తామన్నారు. బస్సు నడపడం తప్ప సూర్రావుకు మరో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే ఎడమకాలు దానంతటదే క్లచ్చు నొక్కుతుండేది. అది చూసి భార్య వీరమణికి ఏడుపొచ్చేది.

జబ్బు సంగతి డాక్టరు మాధవీలత వివరంగానే చెప్పింది. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగడానికి ఉండాల్సింది ఒకటే దారి. సూర్రావుకు పుట్టుకతో రెండో దారి కూడా పడింది. కరెంటు అసలు దారిలో దిగి, దొంగదారిలో పైకెక్కి, మళ్లీ అసలు దారిలో దిగుతూ గుండ్రంగా తిరుగుతోంది. దడ అందుకే. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగలు పంపి, లోపల పటం గీసి, ఆ దొంగదారిని పట్టుకుని వేడితో కాల్చేస్తే జన్మలో మళ్లీ రాదంది.

"బండెప్పుడు తోలుకోవచ్చండి?" అన్నాడు సూర్రావు. అతను ఎవరినైనా అడిగే ప్రశ్న అదొక్కటే.

టౌన్ ప్లానింగ్ అధికారి కామేశంగారు మాత్రం కాల్చడమంటే కూల్చడమేనన్నారు. కూల్చాలంటే ముందు నోటీసు, తర్వాత సర్వే. నోటీసును కట్టడం ఉన్నచోటే, నలుగురికీ కనపడేలా అంటించాలని నిబంధన. కాబట్టి మైదా జిగురుతో సూర్రావు ఎడమ రొమ్ము మీద అంటించారు. గడువు తీరేదాకా పాపం అతను చొక్కా వేసుకోలేదు, స్నానం నడుం కిందికే చేశాడు. కూరగాయలామె నోటీసు సాంతం చదివి, ఇది ఏ వార్డు కిందికొస్తుందని అడిగింది. సూర్రావు వంకాయలు ఏరుకుంటూ చెప్పాడు.

సర్వే రోజున కామేశంగారు ఆకుపచ్చ గౌను తొడుక్కుని, మెడలో టేపు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వచ్చారు. సూర్రావు బల్ల మీద మెలకువగానే ఉన్నాడు. డాక్టరు తీగలు ఎక్కించి, పటం గీయడానికి కావాలనే దడ తెప్పించింది. తెర మీద గుండె రంగురంగుల్లో లేచింది. కరెంటు ముందుగా చేరినచోట ఎరుపు, ఆలస్యంగా చేరినచోట నీలం. ఎరుపు వెంట తీగ కొనను జరుపుకుంటూ పోయి, "ఇదిగో, దొరికింది" అంది డాక్టరు.

కామేశంగారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు. దొంగదారి వెంట షట్టర్లున్న కొట్లు మూడు, ఒక బజ్జీల బండి, నమస్కారం పెడుతున్న కౌన్సిలర్‌గారి ఫ్లెక్సీ కనిపించాయి. ఆ వెనకాల కౌన్సిలర్‌గారి బావమరిది ప్లాట్లు వేసి రాళ్లు పాతించాడు. అనుమతి లేని రోడ్డన్నాక ఇవన్నీ ఉంటాయి. లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

"అందుకేనండి, బజ్జీ ముట్టకుండానే గుండెల్లో మంటొచ్చేత్తంది" అన్నాడు సూర్రావు బల్ల మీంచి.

"ఇది కొట్టడం కుదరదండి డాక్టరుగారూ. జనం బతుకుతున్నారు" అన్నారు కామేశంగారు.

"అది ఉండకూడని దారండీ. ఉంటే ఈయన బండి నడుపుతూ పడిపోతాడు."

"రెండు దారులూ ఉండబట్టే కరెంటు గుండ్రంగా తిరుగుతుందన్నారు కదా. రెండింట్లో ఏది పోయినా దడ ఆగుద్దా, ఆగదా?"

డాక్టరు తెర మీది రెండు దారులనూ మళ్లీ చూసింది. లెక్క సరిపోయింది, చిక్కంతా అక్కడే. "ఆగుతుంది. కానీ అసలు దారిని కాల్చకుండా చూసుకోవడమే మేం నేర్చుకున్న విద్యండీ" అంది.

కామేశంగారు అసలు దారిని పరిశీలించారు. కొట్టు లేదు, ఫ్లెక్సీ లేదు. సూర్రావు పుట్టిన దగ్గర్నుంచి అందులో గుండె కొట్టుకునే ఒక్కో దెబ్బా వరస తప్పకుండా దిగి వెళ్లడమే కానీ, ఒక్కటి కూడా ఏనాడూ అర్జీ పెట్టుకోలేదు. "ఖాళీ జాగా" అని రాసుకున్నారు. "అభ్యంతరం చెప్పేవాళ్లు లేరు."

"దడాగితే బండిత్తారాండి?" అన్నాడు సూర్రావు.

"ఇస్తారు" అన్నారు కామేశంగారు.

"అయితే ఏదోటి కొట్టేయండి."

డాక్టరుకు కడుపు మండిపోయింది. అయినా రోగి ఒప్పుకున్నాడు, అధికారి సంతకం చేశాడు. తీగ కొన వేడెక్కింది. దడ ఠక్కున ఆగిపోయింది.

బయట సంగతి తెలిసి వీరమణి కామేశంగారికి అడ్డం తిరిగింది. "ఉన్న దారి కొట్టేసి దొంగదారి ఉంచుతారా? నా మొగుడి గుండెలో ఆళ్లకేం పనండి?"

"వాళ్లు కూడా ప్రజలేనమ్మా" అన్నారు కామేశంగారు, ఎంతో ఓపికగా.

దొంగదారి క్రమబద్ధమైంది. దానికి కౌన్సిలర్‌గారి నాన్నగారి పేరు పెట్టారు. గుండె దెబ్బలన్నీ ఇప్పుడు అటే పోతాయి. వేరే దారి లేదు కదా. సూర్రావు చేతికి కాగితం వచ్చింది, తాళాలూ వచ్చాయి. ఆ పొద్దున బస్సెక్కి స్టీరింగు పట్టుకున్నప్పుడు అతని సంతోషం చూసి తీరాల్సిందే.

కాకపోతే కౌన్సిలర్‌గారు కొట్లు చూసుకోవడానికి వచ్చినప్పుడల్లా భద్రత కోసం ఆ రోడ్డు మూసేస్తారు. అప్పుడు సూర్రావు గుండె ఆగుతుంది. ముందుగా కబురు చేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. బస్సును ఎడం పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, సీట్లో వెనక్కి వాలతాడు. పెదాలు నల్లబడతాయి. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ లేచి నిలబడి, "ఉండండర్రా, సారు గుండెలో కాన్వాయెళ్తంది" అంటుంది.

మొదట్లో ఒకరిద్దరు పిల్లలు ఏడ్చారు. ఇప్పుడెవరూ కిక్కురుమనరు, చేతులు కట్టుకుని కూర్చుంటారు. సూర్రావు మళ్లీ ఊపిరి తీసుకున్నాక బస్సు కదులుతుంది. తల్లిదండ్రులెవరూ ఫిర్యాదు చేయలేదు. ఈ అలవాటు చిన్నప్పుడే పడితే పెద్దయ్యాక కష్టపడరని వాళ్ల అభిప్రాయం.