జానెడు లేపిన పికప్పు

ఆ ఉదయం వెంకట్రాం పథకం చాలా చిన్నది. ఏడు గంటలకు కేసముద్రంలో బయలుదేరాలి. పదకొండుకల్లా ఘనపూర్ అవతల వాగు దాటాలి. చెల్లెలు రాధ అత్తగారింటి గడప ముందు పికప్పు ఆపి హారన్ కొట్టాలి. ఆమెను ఎక్కించుకుని పొద్దు గూకకముందే ఇల్లు చేరాలి. ఎల్లుండి సద్దుల బతుకమ్మ. ఇంత చిన్న పథకం తప్పిపోవడానికి కారణమేదీ అతనికి కనిపించలేదు. ఆత్మవిశ్వాసమంటే నిజానికి అదే. కారణాలు లేకపోవడం కాదు, కనిపించకపోవడం.

ఆడపిల్ల పండుగకు పుట్టింటికి రావాలంటే అన్నో తమ్ముడో గడప దాకా వెళ్ళి తీసుకురావాలి. రాధ అత్త బుచ్చవ్వ ఈ ఆనవాయితీలో ఒక్క అడుగు కూడా తగ్గించుకునే మనిషి కాదు. వెంకట్రాం మాత్రం రెండేళ్ళుగా ఆ గడప చేరలేదు. మొదటి ఏడు పికప్పు కడుపు వాగు మధ్యలో బండరాయికి ఆనుకుని, చక్రాలు గాలిలో తిరిగాయి. రెండో ఏడు రాయిని తప్పించబోయి ఇసుకలో దిగబడ్డాడు. రెండుసార్లూ రాధ భర్త రాకేష్ ఎడ్లను కట్టి బండిని బయటికి లాగేసరికి పండుగ దాటిపోయింది. బండిని వదిలి వాగును నడిచి దాటవచ్చునన్న ఆలోచన వెంకట్రాంకు రాలేదని కాదు. వచ్చింది. కానీ అది బండి లేనివాళ్ళ ఆలోచనగా తోచి దాన్ని పక్కన పెట్టాడు.

ఈసారి నెల ముందే రాధ ఫోన్ చేసింది. ఏడవలేదు. ఈ ఏడు కూడా రాకపోతే ఇక పండుగ పిలుపు మాటే ఎత్తొద్దని అత్త తేల్చి చెప్పిందట. చివర్లో ఒక్క మాట అంది.

"నువ్వొస్తవని చెప్పిన అన్నా. మా అత్త నవ్వింది."

మనిషి తిట్టును మరచిపోగలడు. నవ్వును మరవడు, అందులోనూ తను చూడని నవ్వును. చూడలేదు కనుక దాన్ని ఎంత పెద్దదిగానైనా ఊహించుకోవచ్చు. వెంకట్రాం వారం రోజులు ఊహించుకుని, తరువాత పికప్పును మానుకోట రోడ్డులోని మాన్‌సింగ్ షెడ్డుకు తోలాడు.

మాన్‌సింగ్ తండా నుంచి వచ్చి వెల్డింగ్ నేర్చి, లారీలకు కమాన్లు కట్టడంలో పేరు తెచ్చుకున్నవాడు. కమాన్లంటే ఇరుసుల మీద బండి బరువును మోసే ఇనుప పట్టీల కట్టలు. బండిని నాలుగు వేళ్ళు లేపితే ఆ రాయిని దాటుతుందని అతను కొలిచి చెప్పాడు. వెంకట్రాం జానెడు లేపమన్నాడు. నాలుగు వేళ్ళు చాలునని మాన్‌సింగ్ మళ్ళీ చెప్పాడు. వెంకట్రాం మళ్ళీ జానెడే అన్నాడు. అతను ఐదడుగుల ఒక్క అంగుళం మనిషి. ఎత్తు విషయంలో ఎవరైనా చాలునంటే అతనికి నమ్మకం కుదరదు.

జానెడు లేపడానికి పికప్పు పట్టీలు సరిపోవు కనుక తుక్కుకు పోయిన ఒక లారీ కమాన్లు బిగించారు. జనగామలో పాత సామాన్ల దుకాణం నుంచి జీపు టైర్లు వచ్చాయి. అప్పుడే దున్నిన చెలకలా వాటి మీద లోతైన చాళ్ళున్నాయి. స్టీరింగ్ తిప్పితే టైర్లు మడ్‌గార్డుకు రాసుకున్నాయి. మడ్‌గార్డులు కోశారు. టైర్లు పెద్దవైనందున మీటరు ముప్పై చూపితే బండి నలభై దాకా పోతోంది. లైట్లు వేస్తే చెట్ల కొమ్మలు తప్ప రోడ్డు కనిపించడం లేదు. ఒకటి సరిచేస్తే మరొకటి తప్పింది. ఇన్ని తప్పుల మధ్య వెంకట్రాం ఒక్కడే నిశ్చింతగా తిరిగాడు.

బండి అప్పగించేటప్పుడు మాన్‌సింగ్ అతన్ని పక్కకు పిలిచాడు.

"వెంకట్రామన్నా, గివి లారీ కమాన్లు. పది క్వింటాళ్ళ బరువు వడితెనే వంగుతయి. ఖాళీ బండి తోలకు. ఎగిరి పడ్తవు."

"మనది ఖాళీగ తిరిగే బండి కాదు తమ్మి," అన్నాడు వెంకట్రాం.

మామూలు రోజుల్లో అది నిజమే. కానీ సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిది రోజులైంది. బస్సులు లేవు, బళ్ళు తెరవలేదు, మార్కెట్ యార్డులో ఒక్క బస్తా కదలడం లేదు. బయలుదేరే ఉదయం అతని భార్య కల్యాణి బండిని పైనుంచి కింది దాకా చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి పీట తెచ్చి కింద వేసింది. అతను ఏమీ అనకుండా పీట ఎక్కి, బండి ఎక్కి, పీటను కూడా లోపలికి తీసుకున్నాడు. పదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఇంత మర్యాదగా ఎప్పుడూ లేరు.

ఊరు దాటక ముందే మొదటి గుంతలో అతని తల కేబిన్ పైకప్పుకు తగిలింది. రెండో గుంతలో మళ్ళీ తగిలింది. మూడో గుంత దగ్గర ఆపి ఆలోచించాడు. బస్తాలు లేవు. కానీ బస్సులు లేని రోడ్డు మీద మనుషులు నడుస్తూనే ఉన్నారు. పది క్వింటాళ్ళంటే పదహారు, పద్దెనిమిది మంది. నర్సంపేట రాస్తారోకోకు నడిచిపోతున్న ఒక గుంపును పిలిచి ఎక్కించుకున్నాడు. వాళ్ళు బరువుగా కూర్చోగానే కమాన్లు మొదటిసారి కిందికి దిగాయి. బండి పెళ్ళిపల్లకిలా సాగింది. ఉచితంగా ఎక్కించుకున్నందుకు వాళ్ళు అతన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పును కాదనవలసిన అవసరం అతనికి కనిపించలేదు.

నర్సంపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా టెంటు వేసి, దాని పక్కనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వేదికగా వాడుకోవడానికి ట్రాక్టరు ట్రాలీ రావలసి ఉంది. అది రాలేదు. అందరూ దాని కోసం రోడ్డు వంక చూస్తున్న సమయంలో, ఎవరూ చూడనంత ఎత్తయిన పికప్పు ఒకటి పదహారు మందితో వచ్చి ఆగింది. మైకు పట్టుకున్న దుర్గయ్య సారు సమ్మెలో ఉన్న బడిపంతులు. ఆయన బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవలు పంపిండ్రు తమ్మి గీ బండిని?"

"ఎవలు పంపలే సారు. నేనే లేపిన. చెల్లె కోసం."

వెంకట్రాం నిజమే చెప్పాడు. అయితే ఆ రోజుల్లో ఆ రోడ్ల మీద మనుషులు ఏ పని చేసినా అది తెలంగాణ కోసమే చేసినట్టు లెక్క. గడ్డం పెంచినా, చెప్పులు మానినా, బిడ్డకు పేరు పెట్టినా అంతే. బండి మాత్రం వేరే దేనికోసం లేస్తుంది? అక్కచెల్లెళ్ళు పదిమందికి కనబడేలా నిలబడి మాట్లాడాలని ఈ అన్న సొంత ఖర్చుతో బండిని వేదిక చేశాడని దుర్గయ్య సారు మైకులో చెప్పేశాడు. చప్పట్లు కొట్టారు. వెంకట్రాం వాగు సంగతి చెప్పబోయాడు. అప్పటికే బండి మీద ఐదుగురు వక్తలు ఉన్నారు.

గంటన్నర తరువాత సెలవడిగాడు. ఖాళీ బండి ఎగురుతుందని అతనే చెప్పి ఉండడంతో, దుర్గయ్య సారు ములుగు శిబిరానికి పోవలసిన పద్దెనిమిది మందిని ఎక్కించి, తనూ ఎక్కాడు. ఎక్కుతూనే ములుగుకు ఫోన్ చేసి, పెద్ద వేదిక వస్తోందని చెప్పాడు. అలా ఒక ఏర్పాటు దానంతట అదే పుట్టింది. బండికి బరువు కావాలి. బరువు శిబిరం దగ్గర దిగిపోతుంది. మళ్ళీ బరువు దొరకాలంటే సభ ముగియాలి.

ములుగులో అతనికి దండ వేశారు. బండి లేపిన మనిషి రెండు మాటలు మాట్లాడాలన్నారు. వెంకట్రాం ఎన్నడూ మైకు పట్టుకోలేదు. పీట వేసుకుని వెనక భాగంలోకి ఎక్కి, నిలబడి, ముందుకు చూశాడు. ఐదారు వందల ముఖాలు తలెత్తి అతన్ని చూస్తున్నాయి. పుట్టి ముప్పై ఎనిమిదేళ్ళయినా అందరూ తలెత్తి చూడడం అతనికి అదే మొదలు. లోపల ఎప్పటినుంచో ముడుచుకుని కూర్చున్నదేదో మెల్లగా కాళ్ళు చాపుకుంది.

తెలిసిన సంగతి ఒక్కటే కనుక దాన్నే చెప్పాడు. వాగు, రాయి, కట్టని వంతెన, పండుగకు రాలేని చెల్లెలు, నవ్విన అత్త. జనం కదిలిపోయారు. అత్త నవ్వును అతను చేసి చూపినప్పుడు విరగబడి నవ్వారు. మరోసారి చెప్పమన్నారు. తొమ్మిదిన్నరకు ములుగు దాటవలసినవాడు ఒంటిగంటకు దాటాడు. దారిలో ఇంకో శిబిరం ఆపితే ఆగాడు. ఆపకపోయినా ఆగేవాడు. చెప్పిన కొద్దీ కథ పెరిగింది. ములుగులో అత్త నవ్వింది. తరువాతి ఊళ్ళో గడపలో కర్ర పట్టుకుని కూర్చుంది. ఘనపూర్ చేరేసరికి పిలవొచ్చిన చుట్టాలకు మంచినీళ్ళు కూడా ఇవ్వని మనిషయింది. ఆలస్యం ఎవరివల్ల జరుగుతోందన్న ప్రశ్న అతనికి మధ్యమధ్య ఎదురుపడింది. తెలిసినవాడు ఎదురైనప్పుడు దారి మళ్ళినట్టు అతను దాన్ని తప్పించుకున్నాడు.

ఘనపూర్‌లో మధ్యాహ్నం మూడైంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు బతుకమ్మలు పేర్చుకుని వచ్చి రోడ్డు మీదే ఆడుతున్నారు. సభ కుదురుకోగానే వెంకట్రాం మైకు తీసుకున్నాడు. ఇప్పటికి అతనికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. నవ్వు దగ్గరికి వచ్చాడు. నవ్వాడు. సభంతా నవ్వింది, కుడివైపు ఒక్క గుంపు తప్ప. ఆ గుంపు మధ్యలో ఒక ముసలామె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన మోకాళ్ళ దాకా చీరకు వాగు బురద అంటి ఎండిన ఒక యువతి, చేతిలో బట్టల సంచీతో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అది రాధ. కొంగు చాటున నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. ఎత్తు నుంచి మనుషులు బాగా కనిపిస్తారు, ముఖాలే సరిగా కనిపించవు.

బుచ్చవ్వ జనాన్ని తప్పించుకుంటూ బండి దగ్గరికి వచ్చింది.

"మైకు గిటియ్యి కొడుకా," అంది.

అతను ఇచ్చాడు. చెయ్యి కూడా అందించాడు. ఆమె చెయ్యి పట్టుకోకుండానే పైకెక్కింది.

"నేనే బుచ్చవ్వను. ఈయన చెప్పిన అత్తను," అని మొదలుపెట్టింది. "నవ్విన మాట నిజమే. ఎందుకు నవ్విననో ఈయన చెప్పలే. నేను చెప్త. ఆ వాగుల నీళ్ళు మోకాళ్ళ లోతు. నా కోడలు దినాం దాటుతది. గొడ్లు దాటుతయి, మేకలు దాటుతయి. ఈయన దాటడు. బండి దాటదట. ఇప్పుడు ఆ బండిని జానెడు లేపిండట." ఆమె వెంకట్రాం వైపు తిరిగింది. "అదే కాలు జానెడు లేపితే వాగు దాటకపోదువా కొడుకా?"

ఆ రోజు వెంకట్రాంకు వచ్చిన చప్పట్లన్నీ కలిపినా ఇన్ని ఉండవు. అవి తగ్గేదాకా బుచ్చవ్వ ఆగింది. ఎక్కడ ఆగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"పొద్దటి సంది నీ చెల్లె సంచి పట్టుకొని గీ రోడ్డు మీదనే నిలవడ్డది. మా అన్న గిటునుంచే వస్తడు అత్తా అని వాగు దాటి ఉరికొచ్చింది. నువ్వేమో ఊరూర ఆగుకుంట నా నవ్వు నవ్వుతున్నవు." ఆమె సభ వైపు తిరిగింది. "ఢిల్లోళ్ళు గూడ గిట్లనే. ఇస్తమంటరు, వస్తమంటరు, ఇగ బయలెల్లినమంటరు. గడప దాక మాత్రం రారు."

తరువాత ఏం జరిగిందో ఘనపూర్‌లో ఇప్పటికీ రకరకాలుగా చెబుతారు. డప్పులు మోగాయని మాత్రం అందరూ ఒప్పుకుంటారు. సభ ముగియకముందే దుర్గయ్య సారు రేపు భూపాలపల్లిలో, ఎల్లుండి పరకాలలో బుచ్చవ్వ మాట్లాడుతుందని మైకులో చెప్పేశాడు. ఆమె కాదనలేదు. ఎట్లా పోవాలని కూడా అడగలేదు. ఎక్కిన బండి దిగితే కదా.

వెంకట్రాం కిందికి దిగి చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు. దారిలో ఒక మాట సిద్ధం చేసుకున్నాడు గాని ఆమె బురద చీర చూసేసరికి అది పనికిరాకుండా పోయింది.

"ఆకలైతుందా?" అన్నాడు.

"పొద్దున్నే తిన్న," అంది రాధ. తరువాత బండి వైపు చూసి, "మస్తు ఎత్తున్నది అన్నా," అంది. వెక్కిరింపేమో అని అతను వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే కొంత తేలిగ్గా ఉండేది.

పండుగకు ఇక నడుమ ఒక్క రోజే ఉంది. బండి పోవలసింది భూపాలపల్లికి, రాధ పోవలసింది కేసముద్రానికి. గడప దాకా అన్న రాలేదు కనుక తను పోవచ్చో లేదో తెలియక ఆమె సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంటూ అత్త వంక చూసింది. బుచ్చవ్వ బండి మీద నుంచే తీర్పు చెప్పింది. మైకు ఆమె చేతిలోనే ఉంది కనుక ఆ తీర్పు ఘనపూర్ అంతటా వినిపించింది.

"మీ అన్న వచ్చిండు. వెయ్యిమంది చూసిండ్రు. నడుమ మిగిలిన గడపను నేను మాఫ్ చేస్తున్న. రాకేష్, పిల్లను మోటర్ మీద దింపిరా. నువ్వు గూడ పండుగకు ఉండి రా."

గుంపు వెనక నిలబడి ఉన్న రాకేష్ మోటారుసైకిల్ తేవడానికి పరుగెత్తాడు. వెంకట్రాం తనూ ఇంటికి పోవలసిన మనిషేనని చెప్పబోయాడు. అంతలో దుర్గయ్య సారు అతని భుజం మీద చెయ్యి వేసి, రేపు పొద్దున ఎన్ని గంటలకు బయలుదేరుదామని అడిగాడు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు కేసముద్రంలోని ఆ ఇంటికి రావలసిన వాళ్ళంతా వచ్చారు, తీసుకురావలసినవాడు తప్ప.