మునిశామప్ప నడుముకు పెట్టె

ఆ ఉదయం మునిశామప్ప వేసుకున్న ప్లాను చిన్నదే. కోలారులో డాక్టరుకు చూపించుకుని మధ్యాహ్నం భోజనానికి ఆండర్సన్‌పేటలో ఇంటికి చేరాలి. మూడు నెలలుగా ఆయన గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది. ఆస్పత్రికి చేరేలోపు ఏమీ ఎరగనట్టు సర్దుకునేది. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన నిద్రమాత్ర ఇచ్చాడు. మునిశామప్ప నిద్రపోయాడు గానీ, గుండె పరుగు మానలేదు. బజారులో ఒకసారి కళ్ళు తిరిగి పడ్డాక ఒంటరిగా గడప దాటడానికి భయపడుతున్నాడు, అందుకే కోలారుకు కొడుకును తోడు తీసుకుపోయాడు.

కోలారు డాక్టరమ్మ ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టింది. "దడ యాడ పుడతా ఉండాదో తెలీకుండా సుమ్నే, ఊరికే మాత్రలు ఇయ్యను. ఒక రోజు ఎప్పట్లాగే ఉండండి. దడ వస్తే ఈ బటన్ నొక్కండి."

"ఏమయ్యా, ఏమిది?" అంది ఇంట్లో భార్య అక్కయమ్మ.

"అంతా రికార్డు అవుతాదంట. రేపు డాక్టరమ్మ చూస్తాది."

అక్కయమ్మ గతుక్కుమంది. తన దడంతా ఆమె నోటివల్లేనని మునిశామప్ప ఇప్పటికే పేటంతా చెప్పుకున్నాడు. ఆమె ఈ రికార్డు సంగతి కోడలు నయన చెవిలో వేసింది. నయన పక్కింటి చెన్నప్పకు చెప్పింది.

"ఏమండీ, కాఫీ తీసుకుంటారా?" అంది అక్కయమ్మ, పెట్టె వైపు వంగి. ఎవరితో అంటోందోనని మునిశామప్ప వెనక్కి తిరిగి చూశాడు. మోరీ నీళ్ళ మీద రోజూ గొంతు చించుకునే చెన్నప్ప గేటు దగ్గర చేతులు కట్టుకుని, "మోరీ నీళ్ళు మా వాకిట్లోకే రానీ అన్నా, నీ ఆరోగ్యం ముఖ్యం" అన్నాడు. అంత మర్యాదలో గుండె కూడా మర్యాదగానే ఉండిపోయింది.

"ఏమీ దొరకలే. ఎప్పట్లాగే ఉన్నారా?" అంది మర్నాడు డాక్టరమ్మ. మాటలు రికార్డవుతాయని తిట్టకుండా ఉన్నానని అక్కయమ్మ ఒప్పుకుంది. డాక్టరమ్మ నవ్వి, "దీనికి చెవులు లేవమ్మా. గుండె కరెంటు ఒక్కటే రాసుకుంటాది. ఇంగొక రోజు కట్టుకోండి" అంది.

అక్కయమ్మ మొహం వాడిపోయింది. "నేను తిట్టలేదు, దడ రాలేదు. అయితే నావల్లేనేమో!"

దడ దొరకాలంటే తిట్టక తప్పదు. సాయంత్రం ఆమె మొగుడి ఎదురుగా కూర్చుంది. "యాడ మొదలుపెట్టేది?"

"గోడకేసిన తడి టవలుతో మొదలుపెట్టండి అత్తా" అంది నయన.

"ఏమయ్యా, ఆ టవలు..." అంటూనే అక్కయమ్మకు నవ్వొచ్చింది. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మునిశామప్ప కళ్ళజోడు జారి కింద పడింది. తీసుకుందామని వంగాడో లేదో గుండె పరుగందుకుంది. వెంటనే బటన్ నొక్కాడు.

రికార్డు చూసి, ఇంకో పరీక్ష కూడా చేశాక డాక్టరమ్మ చెప్పింది. "పుట్టుకతోనే గుండెలో కరెంటుకు ఒక అడ్డదారి ఉండాది. అందులో పడిందంటే కరెంటు గుండ్రంగా తిరుగుతానే ఉంటాది. ఒక్కోసారి వంగితే చాలు, మొదలవుతాది. గ్యాస్ మాత్రలతో, నిద్రమాత్రలతో పనిలేదు. ఆ దారినే కాల్చేస్తాం."

తరువాతి వారం తొడ రక్తనాళం గుండా సన్నని తీగ పంపి ఆ పని పూర్తి చేశారు.

"అయితే నా నోటివల్ల కాదా, డాక్టరమ్మా?"

"కాదమ్మా."

అక్కయమ్మ ఆ ముక్క చీటీ మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మంది.

మునిశామప్ప గుండె ఇప్పుడు నిదానంగా కొట్టుకుంటోంది. ఆ చీటీకి అక్కయమ్మ లామినేషన్ చేయించింది.